సముద్రం వైపు కూర్చునే హక్కు

పోర్ట్‌బ్లెయిర్‌లో ఫీనిక్స్ బే జెట్టీ మైకు ముందు కూర్చుని ఇరవై తొమ్మిదేళ్లు ఓడల రాకపోకలు చాటిన సుందర్‌రాజ్‌కు, యాభై తొమ్మిదో ఏట నోరు మూసుకుని కూర్చునే పని దొరికింది. విధికి హాస్యం తెలియదని వాదించే పండితులెవరైనా ఉంటే, ఈ ఒక్క సంగతి చూసి వాదం విరమించుకోవచ్చు.

ద్వీపాల్లో ఆయన ముఖం తెలిసినవాళ్లు కొద్దిమంది. గొంతు తెలియనివాళ్లు లేరు. ప్రయాణికులు గమనించాలి అనే అర్థంలో "యాత్రీగణ్ ధ్యాన్ దే" అని ఆయన మొదలుపెడితే టికెట్ల వరసలో తోసుకుంటున్న జనం కాసేపు మనుషులయ్యేవారు. ఓడ ఆలస్యమైతే చివర "అసువిధా కే లియే ఖేద్ హై" అని చేర్చేవాడు. మీకు కలిగిన అసౌకర్యానికి విచారిస్తున్నాం అని దాని భావం. ఇరవై తొమ్మిదేళ్లలో ఆయన ఆ మాట కొన్ని వేలసార్లు అన్నాడు. ఒక్కసారీ విచారించలేదు. విచారించడం గుమాస్తా పని కాదు.

ఆ గొంతును ఆఫీసులో వదిలి రావడం ఆయనకు చేతనయ్యేది కాదు. బతు బస్తీలోని రెండు గదుల ఇంట్లో, నీళ్లు కాగాయన్న సమాచారం కూడా రెండుసార్లు, నడుమ తగినంత విరామంతో వెలువడేది. కొత్త కాపురంలో భార్య లీదియా ప్రతి ప్రకటనకూ ఉలిక్కిపడి మూట సర్దుకునేదని వాళ్ల సంఘంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. తెలుగు చర్చిలో ప్రకటనలు చదివే బాధ్యత ఆయనకు అప్పగించిన ఏడాది ఆదివారం ఆరాధనకు ఒక్కరూ ఆలస్యంగా రాలేదు. పరలోకం కూడా సరిగ్గా వేళకు లంగరెత్తేస్తుందేమోనన్న భయం పట్టుకుంది జనానికి.

అలాంటి మనిషికి తొమ్మిదేళ్ల కిందట, జూన్ నెలలో ఒక ఉదయం, మైకు ముందు మాట రాలేదు. రంగత్ బోటు పేరు నాలుక చివర ఉంది. అక్కడి నుంచి కదలదు. పక్క బల్ల గుమాస్తా మంచినీళ్లిచ్చాడు, భుజం తట్టాడు, చివరికి మైకును కూడా తట్టి చూశాడు. మైకు బాగానే ఉంది. బోటు నలభై నిమిషాలు ఎదురుచూసి, ఎవరూ చెప్పకుండానే వెళ్లిపోయింది. సుందర్‌రాజ్ ఇంటికెళ్లి మంచమెక్కి గోడ వైపు తిరిగాడు. తప్పనిసరి అవసరాలకు తప్ప అయిదు నెలలు దిగలేదు.

రోగనిర్ణయంలో బస్తీ చురుకుగా పాల్గొంది. దిష్టి అన్నారు కొందరు. మైకులోని కరెంటు గొంతులోకి ఎక్కిందన్నారు కొందరు. ఉప్పుగాలి మెదడుకు పట్టిందని, నలభై ఏళ్లుగా అదే గాలి పీలుస్తున్న ఆసామి ఒకాయన తేల్చేశాడు. డాక్టరు ఒక్కడే ఇది దిగులు జబ్బు, మందుంది, మనిషి తోడు కూడా మందే అన్నాడు. ఆ మాట మరీ తేలిగ్గా ఉండడంతో బస్తీలో ఎవరూ నమ్మలేదు.

జబ్బు పోయింది. ఉద్యోగం తిరిగొచ్చింది. రిటైరూ అయ్యాడు. అప్పుడు ఊళ్లో ఒక స్వచ్ఛంద సంస్థవాళ్లు, మనసు జబ్బుల్లోంచి తేలినవాళ్లనే పట్టి, ఇంకా మునిగి ఉన్నవాళ్ల పక్కన కూర్చోబెట్టే పని మొదలెట్టారు. అలా కూర్చునేవాళ్లకు తోడు కార్యకర్తలని పేరు. వాళ్లకొక చిన్న పుస్తకం ఇచ్చారు. అందులో నియమాలున్నాయి. ఎదురుగా కాదు, పక్కన కూర్చోవాలి. సలహా ఇవ్వకూడదు. అవతలివాళ్లు మాట్లాడేదాకా మాట్లాడకూడదు, తల మాత్రం ఊపవచ్చు. నీళ్లో, మెట్లో, అంచో దగ్గరుంటే ప్రమాదం ఉన్న వైపు మనమే కూర్చోవాలి. నలుగురిలో వాళ్ల సంగతి ఎత్తకూడదు. విన్నది ప్రాణం పోయినా బయటపెట్టకూడదు. అవతలివాళ్లు ఎంతకీ నోరు విప్పకపోతే, ఆఖరి ఉపాయంగా, మన సొంత కథ ఒక చెంచాడు చెప్పవచ్చు.

ఆ చెంచాడు దగ్గరే సుందర్‌రాజ్ చిక్కుబడ్డాడు. కార్యకర్తగా గుర్తింపు కార్డు ఇవ్వాలంటే ముందు తన కథ తాను దాపరికం లేకుండా చెప్పగలగాలి. మొదటిసారి చెప్పమంటే లేచి, "జబ్బు రాక జూన్ పన్నెండు. జబ్బు పోక నవంబర్ ఆరు" అని కూర్చున్నాడు. రెండోసారి చర్చిలో ఏటా చెప్పే సాక్ష్యం చెప్పాడు. ఎంత ఊపుగా చెప్పాడంటే, శిక్షణకొచ్చిన ముస్లిం సోదరుడొకాయన కూడా హల్లెలూయా అన్నాడు.

సంస్థలో ఈ పని చూసే అరుణకుమారి చప్పట్లు ఆగేదాకా ఆగింది. ఊళ్లోనే లంబాలైన్ పేటలో పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు గడగడా మాట్లాడుతుంది, చదవమంటే కూడబలుక్కుంటుంది.

"అంకుల్, దేవుడు చేసింది బాగా చెప్పారు. మీరు పడింది చెప్పలేదు. నీల్ ద్వీపంలో మనవాళ్లందరికీ మూడు రోజులు విశ్రాంతి శిబిరం పెడుతున్నాం కదా, అక్కడ మొదటి రోజు నాలుగింటికి ఆఖరి మౌకా. అప్పుడూ ఇలాగే అయితే కార్డు లేదు. కార్డు లేకుండా ఇళ్లకు పంపలేను, సారీ అంకుల్."

కార్డు మీద సుందర్‌రాజ్‌కు మోజు లేదు. ఆయన దిగులల్లా బుల్లమ్మ కిటికీ. బుల్లమ్మ బతు బస్తీ చివరింట్లో ఉండే మనిషి. ఎనిమిది నెలలుగా గడప దాటలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. శిక్షణలో భాగంగా సుందర్‌రాజ్ ప్రతి బుధవారం వెళ్లి అరుగు మీద కూర్చుంటాడు. మొదటి నాలుగు వారాలు తలుపూ కిటికీ రెండూ మూసే ఉన్నాయి. అయిదో బుధవారం కిటికీ రెక్క బెత్తెడు తెరుచుకుంది. ఆ బెత్తెడు సందును ఆయన తన ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసు కన్నా గొప్పగా ఎంచుకున్నాడు. ఇప్పుడు కార్డు రాకపోతే వెళ్లడానికి లేదు. ఒక బుధవారం ఎవరూ రాలేదని తెలిస్తే ఆ రెక్క మళ్లీ మూసుకుంటుంది.

బయల్దేరే రోజు పొద్దున్నే లీదియా ఫీనిక్స్ బే దాకా వచ్చి మూడు గిన్నెల క్యారేజీ చేతికిచ్చింది.

"అడుగు గిన్నెలో సేప ముక్కలు. ఎవరికైనా పెట్టండి గానీ ఒక్కరే తినీకండి. ఇదిగో, అక్కడ మైకు కనబడితే ముట్టుకోకండే."

"నానెందుకు ముట్టుకుంటానే?"

"ముట్టుకుంటే మీ కథ మళ్లీ టైంటేబుల్ అయిపోద్ది. మెల్లిగా సెప్పండి. నాతో సెప్పినట్టు సెప్పండి."

"నీతో ఎప్పుడు సెప్పినాను?"

"అదే కదా నాననీది," అంది లీదియా.

బోటు రెండు గంటల్లో నీల్ చేరింది. సుందర్‌రాజ్ దారిపొడుగునా కథను నోట్లో తిప్పుకుంటూనే ఉన్నాడు. దిగాక కూడా క్యారేజీని గుండెకు హత్తుకుని, జెట్టీ మీద అటూ ఇటూ పచార్లు చేస్తూ, "నేను... ఆ రోజున... నేను" అని సణుక్కుంటూ, తల అడ్డంగా తిప్పుకుంటూ, మళ్లీ మొదటికి వచ్చాడు. చూసేవాళ్లకు ఎలా ఉంటుందో ఆలోచించే స్థితిలో లేడు. శిబిరం జీపు తొమ్మిదింటికని చెప్పారు. ఇంకా అరగంట ఉంది.

అప్పుడు కనబడ్డాడు ఆ మనిషి.

జెట్టీ షెడ్డు నీడలో, నీళ్ల అంచుకు పది బారల దూరంలో, నేల మీద కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన వయసు. పంచె, భుజాన గుడ్డ సంచీ, నల్ల గొడుగు. ఈ దీవిలో ఎక్కువమంది బెంగాలీ కుటుంబాలవాళ్లు కనుక, బెంగాలీ పెద్దమనిషే అయి ఉంటాడని సుందర్‌రాజ్ తీర్మానించాడు. ఆ పెద్దమనిషి కన్నార్పకుండా సముద్రంలో ఒకే చోటికి చూస్తున్నాడు. కాళ్లకు చెప్పులు లేవు. చెప్పులు లేని కాళ్లు ఎవరికైనా ఉంటాయి. కానీ సంచీలోంచి ఒక చెప్పు, ఒకే ఒక్క చెప్పు, తల బయటపెట్టి చూస్తోంది.

సుందర్‌రాజ్ పచార్లు ఆపేశాడు. చిన్న పుస్తకం ఆసాంతం కళ్ల ముందు తిరిగింది. ఒంటి చెప్పు గురించి అందులో ఏమీ లేదు. అయినా ఇది మంచి లక్షణం కాదని అనుభవం చెప్పింది.

వెళ్లి పక్కన కూర్చున్నాడు. ఎదురుగా కాదు, నియమం ప్రకారం పక్కన. ఆ మనిషి తిరిగి చూశాడు. సుందర్‌రాజ్ తల ఊపాడు. కాసేపు ఆలోచించి ఆ మనిషీ తల ఊపాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, సముద్రాన్ని చూసి, మళ్లీ తలలు ఊపుకున్నారు. పావుగంట గడిచింది. మెడలు తప్ప ఏదీ కదలలేదు.

అప్పుడు సుందర్‌రాజ్‌కు తట్టింది. తాను షెడ్డు వైపు కూర్చున్నాడు! ప్రమాదం సముద్రం వైపు కదా. సిగ్గుపడి లేచి, ఆ మనిషికీ నీళ్లకూ మధ్య చోటు చూసుకుని కూర్చున్నాడు. ఆ మనిషి ముఖంలో కంగారు కనబడింది. రెండు నిమిషాలాగి, గొడుగు ఊతంగా లేచి, సుందర్‌రాజ్‌కు అవతల, ఒక బార ముందు, సముద్రం వైపు కూర్చున్నాడు.

అంటే నీళ్లకు దగ్గరవుతున్నాడన్నమాట! సుందర్‌రాజ్ వెంటనే లేచి ఇంకొక బార ముందుకెళ్లి అడ్డంగా కూర్చున్నాడు. ఆ మనిషి లేచాడు. సుందర్‌రాజ్ లేచాడు. ప్రాణరక్షణే ఏకైక లక్ష్యంగా, ఒకరికొకరు అడ్డుపడుతూ, ఇద్దరు పెద్దమనుషులూ బార బార చొప్పున నీళ్ల అంచుకు నడిచారు. పైకి మాత్రం ఇద్దరి ముఖాల్లోనూ పుస్తకం నేర్పిన ప్రశాంతత చెక్కు చెదరలేదు.

కొబ్బరిబోండాలమ్మే ఆమె కత్తి ఆపి, "ఏ కౌన్సా ఖేల్ హై, దాదా?" అని పక్కనున్న పోర్టరును అడిగింది. ఇదేం ఆటో పోర్టరుకూ తెలియలేదు.

ఆ సమయానికి జీపొచ్చింది. డ్రైవరు దిగి, "క్యాంప్‌వాలే కోయీ హై?" అని కేకేశాడు. శిబిరంవాళ్లు ఎవరైనా ఉన్నారా అని.

సుందర్‌రాజ్ ఉన్నాడు. కానీ వెళితే ఈ మనిషి ఏమవుతాడు? పోనీ ఈయన సంగతి డ్రైవరుతో చెబుదామా అంటే, నలుగురిలో ఎత్తకూడదు. కనుక తల అడ్డంగా ఊపి, పో పొమ్మని చెయ్యి ఆడించాడు. చిత్రంగా, అదే క్షణాన ఆ మనిషీ తల అడ్డంగా ఊపి, పో పొమ్మని చెయ్యి ఆడించాడు.

"అరే, మై మఖ్ఖీ హూఁ క్యా?" అన్నాడు డ్రైవరు. తనను ఈగలా తోలడం అతనికి నచ్చలేదు. రోడ్డు మీద ఎదురుచూస్తున్న నలుగురు కార్యకర్తలను ఎక్కించుకుని వెళ్లిపోయాడు. పదకొండింటి బోటుకు మళ్లీ వచ్చాడు. ఇద్దరూ మళ్లీ తోలారు. ఈసారి డ్రైవరు కొబ్బరిబోండాలామె దగ్గర నిలబడి బోండాం తాగుతూ కాసేపు ఆట చూసి పోయాడు.

నడుమ ఒక రాయబారం జరగకపోలేదు. సుందర్‌రాజ్ క్యారేజీ విప్పి చేప ముక్క పెట్టబోయాడు. ఆ మనిషి చేతులు జోడించి వద్దన్నాడు. ఆ మనిషి సంచీలోంచి అరటిపండు తీసి ఇవ్వబోయాడు. తోడుకొచ్చినవాడు అవతలివాళ్ల దగ్గర ఏదీ పుచ్చుకోకూడదు కనుక సుందర్‌రాజ్ చేతులు జోడించి వద్దన్నాడు. ఇద్దరూ ఆకలితో ఒకరి ముఖం ఒకరు జాలిగా చూసుకున్నారు.

పన్నెండు దాటేసరికి పది బారలూ అయిపోయాయి. ఇద్దరూ జెట్టీ కొసన కాళ్లు వేలాడేసుకుని పక్కపక్కనే ఉన్నారు. ఇక మీదట సముద్రం వైపు కూర్చోవాలంటే సముద్రంలోనే కూర్చోవాలి. ఆ మనిషి ముందుకు వంగి నీళ్లలోకి చూసి నిట్టూర్చాడు. సుందర్‌రాజ్ ఆయన పంచె అంచు గట్టిగా పట్టుకున్నాడు. తన చొక్కా చెరగు ఎవరో పట్టుకున్నట్టు అనిపించింది గానీ, గాలనుకున్నాడు.

ఇక మిగిలింది ఆఖరి ఉపాయం. చెంచాడు.

"భాయ్ సాబ్," అని మొదలుపెట్టాడు హిందీలో, "మై భీ బీమార్ థా." నేనూ జబ్బుపడ్డవాణ్నే అన్నాడో లేదో, పాత అలవాటు గొంతులోకి వచ్చి కూర్చుంది. రెండో వాక్యానికి జెట్టీ అంతా మోగింది. షెడ్డు కింద కునుకు తీస్తున్న యాత్రికులు ముగ్గురు దిగ్గున లేచి, సామాన్లెత్తుకుని వరసలో నిలబడ్డారు.

సుందర్‌రాజ్ చటుక్కున ఆగిపోయాడు. లాభం లేదు. హిందీలో నోరు విప్పితే ఓడే వస్తుంది. అప్పుడొక ఆలోచన తట్టింది. ఈయన బెంగాలీ. తెలుగు ఒక్క ముక్క రాదు. తెలుగులో చెబితే మనిషి గొంతు పక్కన వినబడుతుంది, విషయం తెలియదు. చెప్పినట్టూ ఉంటుంది, పరువూ దక్కుతుంది. ఆయనకు లోకంలో ఇంతకన్నా భద్రమైన శ్రోత దొరకడు. గొంతు తగ్గించాడు.

"నాను అయిదు నెలలు మంచం దిగలేదండి. దేవుడు లేపినాడని సర్చిలో సెప్తాను. లేపినాడు, కాదన్ను. కానీ ఆయన పంపింది దేవదూతని కాదు. మా పక్కింటి జోగుల్ని. ఆడు రోజూ పొద్దున్నే వొచ్చి, 'అన్నా, సుత్తుందా?' అనీవోడు. నాను పలికీవోణ్ని కాదు. మంచం కోడు కాడ కూకుని ఒక గంట వక్కలు ఒలుసుకుని ఎలిపోయీవోడు. మర్నాడు మళ్లీ 'సుత్తుందా?' మూడు నెల్లండి! ఆడిది తడికల ఇల్లు, మేకు కొట్టడానికి గోడే లేదు. ఆఖరికొక రోజు నాకు ఒళ్లు మండిపోయి, లేచి, ఎల్లి, సుత్తి తెచ్చి ఆడి ఒళ్లో పడీసి, 'పట్టుకుపోరా' అన్నాను. అన్నాక సూసుకుంటే నాను నిలబడున్నాను."

పక్కనాయన తల ఊపాడు. సరిగ్గా ఊపవలసిన చోటే ఊపాడు. బెంగాలీలు మర్యాదస్తులనుకున్నాడు సుందర్‌రాజ్.

"ఇది కాదండి సెప్పలేంది," అన్నాడు, ఇంకా తగ్గి. "అంతకు ముందు, సెప్టెంబర్లో, మా అమ్మాయి నర్సింగు సదువుకి వైజాగు ఓడెక్కింది. దీవిల్లో ప్రతోడి ప్రయాణవూ ఈ నోటితో సెప్పినోణ్ని. నా కూతురు బయల్దేరతంటే గోడకేసి పడుకున్నాను. అది పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడి, 'నాన్నా, నా ఓడ పేరు ఒక్కసారి సెప్పవా, నువ్వు జెట్టీలో సెప్పినట్టు' అంది. సెప్పలేదండి. పేరు తెల్సు. నోట్లో ఉంది. అది కాసేపు నిలబడి ఎలిపోయింది. సదువైపోయి వొచ్చీసింది, డిగ్లీపూర్లో నర్సు కూడా అయిపోయింది. ఆ మాట అదీ మళ్లీ ఎత్తలేదు, నానూ ఎత్తలేదు. తొమ్మిదేళ్లయిపోయింది."

నీళ్లు స్తంభాలకు కొట్టుకుంటున్నాయి. సుందర్‌రాజ్ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఏమీ తెలియని బెంగాలీ ముందు ఏడవడంలో తప్పేమీ లేదు.

పక్కనాయన గొంతు సవరించుకుని, అచ్చు తప్పు లేని బడిపంతులు తెలుగులో, "మీరు ఇప్పుడు చెప్పింది ఇన్నాళ్లూ మీకు చాలా బరువుగా ఉండి ఉంటుంది, అవునా?" అన్నాడు.

సుందర్‌రాజ్ జెట్టీ మీంచి పడకపోవడానికి కారణం, చొక్కా చెరగు వెనక గాలి కాకుండా పక్కనాయన పిడికిలి ఉండడమే.

"మీరు తెలుగోరా!"

"దక్షిణామూర్తి. రంగత్‌లో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాను."

"ఆగండాగండి. ఇప్పుడన్నారే, బరువుగా ఉండి ఉంటుంది అవునా అని. అది సిన్న పుస్తకంలో మూడో పాఠం కదేటి!"

దక్షిణామూర్తి ముఖం పాలిపోయింది. "మూడో పాఠం మీకెలా తెలుసు?"

ఇద్దరూ అవతలివాళ్ల జేబులోంచి తొంగిచూస్తున్న చిన్న పుస్తకాన్ని ఒకేసారి చూశారు. తర్వాత కాసేపు ఎవరూ తల ఊపలేదు.

"నాను మీకు తోడు కూకున్నాను!" అన్నాడు సుందర్‌రాజ్.

"క్షమించాలి. మీకు నేను తోడు కూర్చున్నాను. మీరు క్యారేజీని కావలించుకుని, మీలో మీరు మాట్లాడుకుంటూ, ఆగి ఆగి తల అడ్డంగా తిప్పుకుంటూ తిరుగుతుంటే అరగంట గమనించాను. లేచి రాబోయేంతలో మీరే వచ్చి కూర్చున్నారు. సహాయం కోరుతున్నారనుకున్నాను."

"నా కథ బట్టీ పడుతున్నానండి మాస్టారూ! మరి మీరో? నీళ్లకేసి సూసి సూసి గుడ్లు తేలేసీలా ఉన్నారు. సంచీలో ఒంటి చెప్పు!"

దక్షిణామూర్తి గొడుగు మొనతో సముద్రంలోకి చూపించాడు. దూరంగా ఒక గోధుమరంగు వస్తువు అలల మీద హుందాగా ఊగుతోంది.

"బోటు దిగుతుంటే రెండోది జారిపోయింది. ఆటుపోటుకు ఒడ్డుకు వస్తుందేమోనని కాపలా కాస్తున్నాను. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు చెప్పుల క్రమశిక్షణ నేర్పినవాణ్ని. ఉత్తికాళ్లతో శిబిరానికి ఎలా వస్తాను?"

"దానికోసం మూడు గంటలు ఏడిపించారా!"

"నేనేమన్నా మిమ్మల్ని రమ్మన్నానా? పైగా నన్ను అంచు దాకా నడిపించింది మీరు."

"మీరే ముందు జరిగినారు!"

"సముద్రం వైపు కూర్చునే హక్కు నాది. ముందు మీ అవస్థ గుర్తించింది నేను."

"హక్కేటి! ముందొచ్చి కూకున్నోడిది హక్కు!"

ఈ న్యాయవివాదం తేలకుండానే ఇద్దరికీ ఆకలి గుర్తొచ్చింది. ఇప్పుడు ఇద్దరూ కార్యకర్తలే కనుక పుచ్చుకోవడానికి అడ్డు లేదు. చేప ముక్కలు, అరటిపళ్లు మధ్యన పెట్టుకుని తిన్నారు. తింటూ దక్షిణామూర్తి తన కథ ఒక చెంచాడు చెప్పాడు. రిటైరైన ఏడే భార్య పోయిందట. ఆ తర్వాత ఏడాదిన్నర మనుషులతో మాట్లాడకుండా, రోజూ పొద్దున్నే తోటలో ముప్పై రెండు కొబ్బరి చెట్లకు హాజరు వేసేవాడట. గాలివానకు ఒకటి పడిపోతే దానికి టీసీ కూడా రాశాడట.

"నడవడిక ఏటని రాసినారు?" అని అడిగాడు సుందర్‌రాజ్.

"సంతృప్తికరం," అన్నాడు దక్షిణామూర్తి, ముల్లు తీస్తూ.

ఒంటిగంటకు జీపు మూడోసారి వచ్చింది. డ్రైవరు చెప్పిన ఈగల కథ విని అరుణకుమారే స్వయంగా దిగింది.

"అరే భగవాన్! పొద్దున్నుంచి ఫోన్లు కలవక చచ్చిపోతున్నాను. మీరిద్దరూ ఇక్కడ పిక్నిక్ చేస్తున్నారా, అంకుల్?"

జరిగింది విని ఆమె చాలాసేపు జీపు తలుపు పట్టుకుని అటు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందేమోనని ఇద్దరూ ఆమెకు సముద్రం వైపు నిలబడడానికి బయల్దేరారు. అప్పుడు తెలిసింది నవ్వుతోందని.

నాలుగింటికి తాటాకు పందిట్లో పద్దెనిమిదిమంది కార్యకర్తలు గుండ్రంగా కూర్చున్నారు. దక్షిణామూర్తి ఉత్తికాళ్లను తుండుగుడ్డతో కప్పుకున్నాడు. అరుణకుమారి సుందర్‌రాజ్ వైపు చూసింది.

"నాను సెప్పీసినాను," అన్నాడాయన.

"ఎవరికి?"

"మాస్టారికి. మొత్తం. అడగండి."

"మాస్టారూ, అంకుల్ కథ చెప్పారా?"

దక్షిణామూర్తి లేచి నిలబడ్డాడు. "నియమం ప్రకారం విన్నది బయటపెట్టకూడదు. అసలు విన్నానా లేదా అన్నది కూడా విన్నదాని కిందికే వస్తుంది. కాబట్టి నేనేమీ చెప్పలేను." అని కూర్చున్నాడు.

సుందర్‌రాజ్ ఆయన వైపు చూసిన చూపు ముద్రణకు తగదు. లోకంలో తనకున్న ఏకైక సాక్షి, సాక్ష్యం చెప్పని సాక్షి. ఇప్పుడు పద్దెనిమిది ముఖాలు. అన్నిటికీ తెలుగు రాకపోయినా, సగానికి పైగా వచ్చు. ఇక్కడ ఎవరినీ బెంగాలీ అనుకోవడానికి లేదు. బుల్లమ్మ కిటికీ గుర్తొచ్చింది. బెత్తెడు సందు.

నేలకేసి చూస్తూ మొదలుపెట్టాడు. ఈసారి గుమ్మంలో పెట్టె పట్టుకుని నిలబడ్డ కూతురితో మొదలుపెట్టాడు. నాలుగు మాటలయ్యాయో లేదో, అవతలి వైపు నుంచి ఒకావిడ, "అన్నయ్యా, వినబడ్డం లేదు, కొంచెం గట్టిగా" అంది.

సుందర్‌రాజ్ నిర్ఘాంతపోయాడు. పుట్టి బుద్ధెరిగాక ఈ మాట ఆయనను ఎవరూ అనలేదు. నోరు తెరిచి ఆమెను చూసి, అరుణకుమారిని చూసి, ఏం తోచక నవ్వేశాడు. నవ్వు వచ్చాక మిగతాది ఎలా వచ్చిందో ఆయనకు తెలియదు. కూతురు వచ్చింది, గోడ వచ్చింది, జోగులు వచ్చాడు, సుత్తి వచ్చింది. తెలుగు రానివాళ్లకు పక్కవాళ్లు గుసగుసగా చెప్పారు. అయిపోయాక, శిక్షణ పొందినవాళ్లు కనుక, ఎవరూ సలహా ఇవ్వలేదు. పద్దెనిమిది తలలు మెల్లిగా ఊగాయి.

దక్షిణామూర్తి మాత్రం చెయ్యెత్తాడు.

"చిన్న సవరణ. జెట్టీ మీద చెప్పినప్పుడు సుత్తి ముందు వచ్చింది, అమ్మాయి తర్వాత వచ్చింది. ఇప్పుడు తారుమారైంది."

"మాస్టారూ!" అంది అరుణకుమారి. "విన్నది బయటపెట్టకూడదు కదా!"

హెడ్మాస్టరు నాలుక కరుచుకున్నాడు. తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేకపోవడం ఆయన జబ్బుల్లో నయం కానిది. నియమభంగానికి శిక్షగా ఆ సాయంత్రం ఆయన పద్దెనిమిదిమందికీ టీ అందించాడు. ఉత్తికాళ్లతోనే. చెప్పు సంగతికొస్తే, మర్నాడు పోటులో ఒకటి ఒడ్డుకొచ్చింది. వచ్చినది ఇంకెవరిదో ఎడమ కాలి చెప్పు. దాన్ని కూడా ఆయన సంచీలో పెట్టుకున్నాడు, తోడుగా ఉంటుందని.

బుధవారం సుందర్‌రాజ్ మెడలో కార్డు వేసుకుని బుల్లమ్మ అరుగు మీద కూర్చున్నాడు. కిటికీ బెత్తెడు తెరుచుకుంది. లోపల నుంచి మాటా పలుకూ లేదు. గంట గడిచింది. ఆయన తన చెంచాడు తీశాడు. మెల్లిగా, కూతురి దగ్గర మొదలుపెట్టి. అప్పుడు రెక్క జానెడు తెరుచుకుంది. తర్వాత మూరెడు. తర్వాత రెండు రెక్కలూ ధడేలున గోడకు కొట్టుకుని, ఎనిమిది నెలలుగా ఎవరూ వినని గొంతు ఒకటి బయటికొచ్చింది.

"ఏటి మనిసివయ్యా నువ్వు! కన్నకూతురు గుమ్మంలో నిలబడి నోరు తెరిసి అడిగితే సెప్పవా? నోరు పడిపోయిందా? అంత జెట్టీలో అరిసీవోడివి, ఆ పిల్లకొక ముక్క సెప్పలేవా?"

అవతలివాళ్లు మాట్లాడుతుంటే అడ్డు తగలకూడదన్నది నియమం. సుందర్‌రాజ్ తల ఊపుతూ చాలాసేపు తిట్లు తిన్నాడు. అన్ని తిట్లు అంత సంతోషంగా తిన్న మనిషి ఆ బస్తీలో లేడు.

"ఊరికే బుర్రూపకు," అంది బుల్లమ్మ. "పోనుందా? సెయ్యి. ఇప్పుడే సెయ్యి. నాను సూస్తాను."

కిటికీ చట్రం మీద మోచేతులాన్చి, బస్తీ అంతటికీ కనబడేలా నిలబడింది. సుందర్‌రాజ్ ఫోను తీసి డిగ్లీపూర్ నంబరు నొక్కాడు.

"నాన్నా, డ్యూటీలో ఉన్నాను, జల్దీ చెప్పు. ఏమైంది?"

ఆయన లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. "యాత్రీగణ్ ధ్యాన్ దే" అనేసరికి పక్కింటివాళ్లు బయటికొచ్చారు. వైజాగు వెళ్లే ఓడ పేరు చెప్పాడు. నడుమ తగినంత విరామమిచ్చి, రెండోసారి చెప్పాడు. బుల్లమ్మ, ఇంకా ఏదో ఉంది కదా అన్నట్టు, గడ్డం పైకెత్తింది.

"ఈ ప్రకటన తొమ్మిదేళ్లు ఆలస్యమైంది," అన్నాడు సుందర్‌రాజ్, మెల్లిగా. "అసువిధా కే లియే ఖేద్ హై."